పోగు అందించే మనిషి

సిద్దిపేట దిక్కు నుంచి సిరిసిల్లకు పోయే బస్సు మానేరు వంతెన ఎక్కకముందే తంగళ్ళపల్లి వస్తుంది. ఏటికి ఈవల ఇది, ఆవల సిరిసిల్ల. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడ్డప్పుడు ఈ ఊరు మండల కేంద్రమైంది. మండలంలోని బద్దెనపల్లి దగ్గర టెక్స్‌టైల్ పార్కు ఉంది. ఇక్కడి మాటలో మరమగ్గం అంటే సాంచ, దాని మీద పడుగు చుట్టిన దూలం భీము. సిరిసిల్ల గురించి రాసేవాళ్ళంతా సాంచల లెక్కతోనే మొదలుపెడతారు, ముప్పై వేలకు అటూ ఇటూ అని. నేను రాయబోయేది సాంచ నడపడం మానేసిన వాళ్ళ గురించి, మానేశాక కూడా వాళ్ళ చేతులు చేసే ఒక పని గురించి.

ఈ ఊళ్ళల్లో ముసలాయనను "ఏం జేస్తున్నవే తాతా" అని అడిగితే "ఏం జేస్త బిడ్డా, వట్టిగనే కూసున్న" అంటాడు. ఆ మాట నమ్మకూడదు. అనేటప్పుడు చేతులెక్కడున్నాయో చూడాలి. దారపు కండె చుట్టే రాట్నం మీదో, చిక్కుపడ్డ నూలు మీదో, భీము వెనక వేలాడే పోగుల మీదో ఉంటాయి.

సర్కారు లెక్కలో నేతపని మనిషికి ముసలితనం యాభైకే వస్తుంది. 2014 నవంబరులో మొదలైన ఆసరా పింఛను మామూలు వృద్ధులకు 65 దాటితేగాని రాలేదు. ఆ వయసును 57కు దించింది 2022లో. నేత కార్మికులకు, గీత కార్మికులకు మాత్రం మొదటి నుంచీ 50 ఏళ్ళకే. నెలకు వెయ్యితో మొదలై 2019లో 2,016 రూపాయలైంది. ఈ యాభై లెక్క వేసినవాళ్ళకు సాంచల షెడ్డు సంగతి తెలిసే ఉండాలి. పన్నెండు గంటలు నిలబడి, ఒకేసారి నాలుగైదు సాంచల మధ్య తిరిగితే కాళ్ళు ముందు పోతాయి. ఆ మోతలో ఏళ్ళు గడిస్తే చెవులు పోతాయి. తెగిన పోగును వెతికి వెతికి చూపు తగ్గుతుంది. చివరికి మిగిలేది వేళ్ళు. నేను చెప్పే పనికి కావలసింది కూడా అవే.

సాంచ మీద కొత్త రకం గుడ్డ పెట్టాలన్నా, అరిగిపోయిన అచ్చును, అంటే పోగులను విడదీసి ఉంచే దువ్వెన లాంటి దాన్ని, మార్చాలన్నా పడుగులోని ప్రతి పోగునూ మళ్ళీ మొదటి నుంచి తీయాలి. ముందు ఒక కన్నులోంచి, ఆ తర్వాత అచ్చులోని సందులోంచి. కన్నులున్న పలకలు పైకీ కిందికీ ఆడితేనే పడుగు రెండుగా విడిపోయి, నడుమ పేక దారాన్ని మోసే నాడె దూసుకుపోవడానికి దారి ఏర్పడుతుంది. ఏ పోగు ఏ పలకలోని కన్నులో ఉందన్నదే గుడ్డ రకాన్ని నిర్ణయిస్తుంది. అంగుళానికి 70 పోగులు, వెడల్పు 46 అంగుళాలు అనుకుందాం. మొత్తం 3,220 పోగులు. ఒక్కోదానికి నాలుగు సెకన్లు పట్టినా మూడున్నర గంటల పైన. నాలుగు సెకన్లలో తీసే చెయ్యి అందరికీ ఉండదు, అది వేరే మాట.

ఈ పని ఒక్కడితో కాదు. పలకలకు ముందు ఒక మనిషి, వెనక ఒక మనిషి కూర్చుంటారు. ముందున్నవాడు సన్నటి కొక్కేన్ని కన్నులోంచి వెనక్కి పంపుతాడు. వెనకున్నవాడు సరిగ్గా ఆ క్షణానికి ఒక పోగును కొక్కెం నోట్లో పెడతాడు. ముందున్నవాడు లాగుతాడు. లాగేవాడికి కళ్ళు కావాలి, ఏ పలక, ఎన్నో కన్ను అన్నది చూసుకోవాలి. అందుకే అక్కడ ఇంకా చూపున్న మనిషి కూర్చుంటాడు. అందించే చోట కూర్చునేది పెద్ద మనిషి.

పేరు లాగేవాడికే పోతుంది. "ఎవలు తీసిండ్రు?" అని అడిగితే అతని పేరే చెప్తారు. చూసేవాళ్ళకు కూడా అందించేవాడు పక్కన సాయం కూర్చున్న ముసలాయన లాగే కనిపిస్తాడు. కాసేపు ఆ చేతినే చూస్తూ కూర్చుంటే అభిప్రాయం మారుతుంది. నా మటుకు ఈ ఊరి పనితనంలో అన్నిటికంటే ఎత్తయినది ఆ వెనక చోటే.

ఎందుకంటారా? భీము మీద పోగులు గంజితోనో మరో పసతోనో అతుక్కుని ఉంటాయి. వాటి వరుస చెదరకుండా పడుగులో అడ్డంగా రెండు పుల్లలు దూర్చి ఉంటాయి. ఒక పోగు మొదటి పుల్ల మీదుగా వచ్చి రెండోదాని కిందికి పోతే, పక్క పోగు మొదటిదాని కిందుగా వచ్చి రెండోదాని మీదికి పోతుంది. ఆ పుల్లల దగ్గర వేలు పెడితే తరువాత రావలసిన పోగు ఏదో కంటికి తెలియకపోయినా చర్మానికి తెలుస్తుంది. అందించేవాడి బొటనవేలు ఆ ఒక్క పోగును మిగతావాటి నుంచి విడదీస్తుంది. చూపుడు వేలు దాన్ని కాస్త బిగువుగా పట్టి కొక్కేనికి చూపుతుంది. ఈలోగా ఉంగరపు వేలు దాని పక్క పోగును వేరు చేసి ఆపి ఉంచుతుంది. ఒకే చేతిలో ఇస్తున్న పోగు, ఇవ్వబోయే పోగు. వదులుగా పట్టుకుంటే కొక్కెం దాటి జారుతుంది. గట్టిగా లాగితే గంజి విరిగి పోగు పీచు లేస్తుంది, అలా లేచినచోటే రేపు సాంచ మీద తెగుతుంది.

తప్పు చేయడానికి ఇక్కడ దారులు చాలా ఉన్నాయి. రెండు పోగులు కలిసి ఒకటిగా పోతే గుడ్డలో ఆ చోట నిలువునా ఒక లావు గీత పడుతుంది. ఒకటి తప్పిపోతే సన్నటి సందు. పక్కదాన్ని ముందు ఇచ్చి అసలుదాన్ని తరువాత ఇస్తే రెండూ వెనక ఒకదాన్నొకటి దాటి, సాంచ తిరిగిన కొద్దీ రాసుకుని తెగుతాయి. పాలిస్టరు దారం నున్నగా జారుతుంది, ఎండిన రోజుల్లో పక్కదాన్ని అంటుకుని వస్తుంది. లంగాలకు నేసే కాటన్ దారానికి నూగు, అది పక్కదాన్ని పట్టుకుని వదలదు. ఈ రెండు రకాలకూ చెయ్యి వేరువేరుగా ఆడాలి. ఏ దారమో చెప్పకుండా చేతిలో పెట్టినా ముసలి చెయ్యి రెండు మూడు పోగుల్లో తన తీరు మార్చుకుంటుంది.

ఇద్దరి మధ్య లయ కుదరాలి. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో దంచేటప్పుడు ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడుతుంది చూడండి, అట్లాంటి లయ. ఒకరికి తొందర ఎక్కువై, మరొకరు నిదానస్తుడైతే పని సాగదు. అందుకే జోడీలు ఉంటాయి. ఏళ్ళ తరబడి అదే జోడీ. ఒకాయనకు జరమొస్తే రెండో ఆయన వేరేవాళ్ళతో కూర్చోవడానికి అంత ఇష్టపడడు. పట్నాల్లో రిటైరైన ఉద్యోగులకు పెన్షనర్ల సంఘం, పొద్దున పార్కులో నడక, నెలకోసారి మీటింగు ఉంటాయి. నేతపనిలో ముసలైనవాళ్ళకు సంఘం ఈ అచ్చు దగ్గరే. మూడు నాలుగు గంటలు ఎదురెదురుగా కూర్చోవాలి, చేతులు ఆగవు, నోళ్ళు ఖాళీ. ఇంక మాటలకేం కొదువ?

ఆ మాటల్లో భివండీ వస్తుంది, షోలాపూర్ వస్తుంది, సూరత్ వస్తుంది. ఈ తరం వాళ్ళల్లో చాలామంది ఆ ఊళ్ళల్లో సాంచలు నడిపి వచ్చినవాళ్ళే. బొంబాయి మిల్లుల్లో 1982 జనవరిలో దత్తా సామంత్ నడిపిన సమ్మె మొదలైనప్పుడు వేలాది తెలుగు పద్మశాలి కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఆ కాలం గురించి చెప్పేటప్పుడు మధ్యలో మరాఠీ ముక్క దొర్లుతుంది. చెవులు సరిగ్గా వినపడనివాళ్ళు కాబట్టి గొంతులు పెద్దవి, సగం మాటలు చేతులతో. షెడ్డు మోతలో ఏళ్ళపాటు సైగలతో మాట్లాడుకున్న అలవాటు అది. కానీ అందించే చెయ్యి ఖాళీగా ఉండదు కదా, ఆ సైగ కనుబొమ్మతో అయినా చేస్తారు. పోగుల లెక్క నోట్లో లేదు, వేలి కింది పుల్లల్లో ఉంది. కాబట్టి ఎంత కబుర్లాడినా లెక్క తప్పదు.

అచ్చు పాతదే ఉండి, గుడ్డ రకమూ అదే అయితే ఇంత పని అక్కర్లేదు. అయిపోయిన పడుగు కొసలు కన్నుల్లోనే ఉంటాయి. కొత్త భీము పోగులను వాటికి అతికితే చాలు. ఇందులో చూడవలసింది ముడి వేయకపోవడం. మునివేళ్ళకు కాస్త బూడిదో సుద్దో అద్దుకుని పాత కొసనూ కొత్త కొసనూ కలిపి ఒక మెలి తిప్పుతారు. ఆ మెలిని వెనక్కి మడిచి కొత్త పోగు వెంట ఇంకోసారి తిప్పుతారు. అంతే. లాగితే పట్టు నిలవాలి, కన్నులోంచీ సందులోంచీ జారిపోవాలి. చేత్తో ముడి వేస్తే ఉబ్బు అడ్డం పడుతుంది. మెలి మరీ వదులైతే దాటేలోపే ఊడుతుంది. వెడల్పయిన పడుగైతే చెరో అంచు నుంచి ఇద్దరు మొదలుపెట్టి నడుమ కలుస్తారు. కలిసేచోట ఒక్క పోగైనా మిగిలిందంటే ఎవరో ఎక్కడో తప్పారన్నమాట. ఎవరు తప్పారన్న దాని మీద సాగే పంచాయితీ వినడానికి బాగుంటుంది.

ఈ అతుకు పనికి యంత్రం లేక కాదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు రాక్‌ఫర్డ్‌లో హోవార్డ్ కోల్మన్ అనే ఆయన 20వ శతాబ్దం మొదట్లోనే పడుగు ముళ్ళు వేసే యంత్రం తయారుచేశాడు. ఇవాళ్టివి నిమిషానికి వందల ముళ్ళు వేస్తాయి. చిన్న షెడ్డులో, నాలుగు సాంచల ఆసామి దగ్గర దాన్ని కొనే స్తోమత ఉండదు. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ముసలి చెయ్యి చౌక. ఈ పనితనం ఇంకా బతికి ఉండడానికి దాని గొప్పతనం ఎంత కారణమో ఆ చౌకదనమూ అంతే కారణం. మెచ్చుకునేవాళ్ళు శాలువా కప్పి వస్తారు, కూలి పెంచమని ఎవరూ అనరు. అన్నట్టు, 2015 నుంచి ఏటా ఆగస్టు 7న జరిగే చేనేత దినోత్సవంలో పెద్దవాళ్ళకు శాలువాలు బాగానే కప్పుతారు. నేతపని తెలిసినవాడికి శాలువా కప్పడం ధైర్యమే. ఆయన ముందు చేసే పని దాని అంచు తిప్పి చూడడం.

సిరిసిల్లకు పేరు తెచ్చినవాళ్ళు ఉన్నారు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు పేరు తెలియని తెలుగువాడు తక్కువ. యెల్ది హరిప్రసాద్ చేత్తో నేసిన జీ-20 గుర్తు గురించి 2022 నవంబరులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో చెప్పాడు. అవి చూడగానే ఆశ్చర్యం కలిగించే పనులు, వాటి మీద రాయడం సులువు. పోగు అందించిన చెయ్యి ఎంత బాగా పనిచేస్తే అంత బాగా దాని ఆనవాలు మాయమవుతుంది. గుడ్డ కొన్నవాడికి అక్కడ ఒక మనిషి ఉన్నాడన్న సంగతే తెలియదు.

అచ్చు దగ్గర ఈ జోడీల కచ్చేరి ఎప్పుడూ ఒకేలా సాగదు. 2017లో బతుకమ్మ చీరల పథకం మొదలైంది. ఏటా కోటి దాకా చీరలు. వాటికి రకరకాల అంచులు, సాంచకు బిగించే డాబీ పరికరంతో తీసే పూలు. రకం మారినప్పుడల్లా పోగులు మళ్ళీ తీయాలి కాబట్టి ముసలి జోడీలకు చేతినిండా పని దొరికింది. ఆ చీరల ఆర్డరు ఆగిన 2024లో సాంచలు మూలపడ్డాయి. తరువాత మహిళా సంఘాల చీరల ఆర్డరుతో కొంత కదిలింది. సాంచలు ఆగినప్పుడు పత్రికలు నడివయసు కార్మికుడి కూలి గురించి రాశాయి, రాయవలసిందే. దానితోపాటు ముసలాయన పొద్దుగడిచే చోటు కూడా పోయిందని రాసినవాళ్ళు నాకు కనిపించలేదు. అప్పుడాయన నిజంగానే వట్టిగ కూర్చుంటాడు. అదెంత బరువో ఆయన భార్యకు తెలుస్తుంది.

ఆమె ఏం చేస్తుంటుంది? ఇంటాయన సాంచల మీద, ఇంటామె బీడీల మీద. సిరిసిల్ల దిక్కు చాలా ఇళ్ళ బతుకు ఇదే. బీడీ కార్మికులకు 2015లో జీవనభృతి వచ్చింది. కొందరికి వచ్చే పీఎఫ్ పింఛను వేరు, అది 2014 సెప్టెంబరు నుంచి కనీసం వెయ్యి రూపాయలు. పింఛను వచ్చినా చేట ఒళ్ళోంచి దిగదు. నానబెట్టిన తునికాకు మీద రేకుముక్క పెట్టి కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడుస్తారు. వయసు మళ్ళిన అవ్వలు మధ్యాహ్నం ఒక అరుగు మీద చేరి, చుట్టే పని కోడళ్ళకు వదిలి, కొసలు మడవడం, కట్టలు కట్టడం చూసుకుంటారు. కట్టకు 25. ఎంచకుండానే గుప్పిట్లోకి 25 వస్తాయి. తంబాకు దుమ్ము ఊపిరితిత్తులకు చేసేది తెలిసిందే. బీడీని పొగడడం లేదు, ఆ గుప్పిటిని పొగుడుతున్నాను.

కండె సంగతి కూడా ఒక మాట. నాడెలో కూర్చునే ఆ చిన్న దారపు గొట్టం చుట్టడం పిల్లల పని అని, ముసలోళ్ళ పని అని తీసిపారేస్తారు. దారం వదులుగా చుడితే నాడె విసురుకు పొరలు పొరలుగా జారి చిక్కుపడుతుంది. బిగువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయితే గుడ్డ అంచు వంకరపోతుంది. లావు మీరితే నాడెలో ఇమడదు, సన్నమైతే సాంచ ఊరికే ఆగుతుంది. మొదలు నుంచి కొస దాకా ఒకే బిగువు నిలపడం చేతులకు కుదిరిన లెక్క. రాట్నం తిప్పే అవ్వ చుట్టిన పది కండెలు వరుసగా పెట్టి చూస్తే ఏది ముందు చుట్టిందో, ఏది అలిసిపోయాక చుట్టిందో చెప్పలేం.

ఇంత తెలిసిన ఈ వేళ్ళనే పింఛను యంత్రం గుర్తుపట్టదు. మొన్నటిదాకా నెలనెలా వేలిముద్ర వేస్తేగాని డబ్బు వచ్చేది కాదు. దారం రాపిడికీ, ఆకు రాపిడికీ ముద్రల గీతలు అరిగిపోయి ఉంటాయి. ఒక వేలు, ఇంకో వేలు, తడి తుడిచి మళ్ళీ మొదటి వేలు. ఇప్పుడు ముఖాన్ని గుర్తుపట్టే పద్ధతి వచ్చి కొంత నయమైంది. పింఛన్ల రోజు పోస్టాఫీసు ముందు క్యూ కూడా ముసలివాళ్ళకు ఒక కలుసుకునే చోటే. ఎవరికి రాలేదో, ఎవరు పోయారో, ఎవరి కొడుకు దుబాయి నుంచి వచ్చాడో అక్కడే తెలిసేది.

శ్రావణ పున్నమికి మాత్రం ఈ చేతులు తమ కోసం పనిచేస్తాయి. ఆ రోజు పద్మశాలీలు మార్కండేయ స్వామిని కొలిచి కొత్త జంధ్యం వేసుకుంటారు. నూలు తీసి మూడు పోగులను పేని, దాన్ని మళ్ళీ మూడుగా మడిచి పేని, చివర ముడి వేసి జంధ్యం చేయడం పెద్దవాళ్ళకు వచ్చిన పని. అతుకులో ముడి కనిపిస్తే తప్పు, ఇక్కడ ముడి కనిపించడమే పద్ధతి. ఏడాదంతా మెలి దాచిన వేళ్ళు ఆ ఒక్క ముడిని ఎంత ముద్దుగా వేస్తాయో! బజారులో ప్యాకెట్లో దొరికే జంధ్యాన్ని చూసి వాళ్ళు పెట్టే మొహం కూడా చూడదగ్గదే.

పోగులు తీయడం పూర్తయ్యాక జోడీ వెంటనే లేచిపోదు. తీసిన పోగులను గుత్తులు గుత్తులుగా పట్టి ముందుకు లాగి ముడేస్తారు, బిగువు అంతటా సమంగా ఉందో లేదో అరచేయి వాల్చి చూస్తారు. సాంచ ఆన్ చేస్తారు. మొదటి జానెడు గుడ్డలో తప్పులన్నీ బయటపడతాయి. లాగినాయన కళ్ళద్దాలు సవరించుకుని వెలుతురుకు ఎదురుగా చూస్తాడు. అందించినాయన గోరుతో అడ్డంగా గీసుకుంటూ పోతాడు, లావు గీత ఉంటే గోరు అక్కడ ఆగుతుంది. ఆగితే సాంచ ఆపి, ఆ పోగు కోసి, వెనక్కి వెళ్ళి మళ్ళీ ఇస్తాడు. ఆగకపోతే ఆ జానెడు గుడ్డ కత్తిరించి పక్కన పడేస్తారు. ఆసామికి మీటర్ల లెక్క ఆ తర్వాతి గుడ్డ నుంచి మొదలవుతుంది.